మాయకి (ప్లాసెంటాకి) రక్తప్రసరణ తక్కువగా ఉందన్నారు, 30వ వారం: రెస్ట్, ఇంజెక్షన్లు, తిండితో పెరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ. మొదటి కాన్పు, 30వ వారం. గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు వారాలకు తగ్గట్టు లేదన్నారు. డాప్లర్‌లో (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) అంబిలికల్ ఆర్టరీలో, అంటే బొడ్డుతాడు ధమనిలో రెసిస్టెన్స్ ఎక్కువని రాశారు. మీ డాక్టర్ వారానికోసారి డాప్లర్‌కి రమ్మన్నారు. ఇంకో చోట చూపిస్తే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ రోజూ పొట్టకి వేసుకోమన్నారు. ఇంట్లో వాళ్లు మంచం దిగనివ్వడం లేదు. దానిమ్మ, బీట్‌రూట్ తింటే ఫ్లో పెరుగుతుందా, ఇలా కావడానికి నా తప్పేమైనా ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మాయలో తగ్గిన రక్తప్రసరణను మళ్లీ మామూలుగా చేసే మందు గానీ, ఇంజెక్షన్ గానీ, ఆహారం గానీ ఇవాళ్టికి లేవు. పనిచేసేవి రెండే: బిడ్డను దగ్గరగా గమనిస్తూ ఉండటం, సరైన రోజు చూసి కాన్పు చేయడం. ఇది నిరాశపడాల్సిన మాట కాదు. ఆ రెండూ సక్రమంగా జరిగితే, మీలాంటి రిపోర్టుతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బిడ్డని ఎత్తుకునే ఇంటికి వెళ్లారు. ఇక తప్పు సంగతి. మీ తప్పేమీ లేదమ్మా. ఎందుకు లేదో అర్థం కావాలంటే ఈ ప్రసరణ ఎలా ఏర్పడుతుందో కొంచెం తెలియాలి.

చాలామంది తల్లి రక్తమే బిడ్డ ఒంట్లోకి వెళ్తుందనుకుంటారు. అలా కాదు. మాయలో రెండు రక్తప్రసరణలు పక్కపక్కనే నడుస్తాయి, మామూలుగా ఒకదాంట్లో ఒకటి కలవవు. 18వ శతాబ్దంలో లండన్‌లో విలియం హంటర్, జాన్ హంటర్ అనే అన్నదమ్ములు రక్తనాళాల్లోకి రంగు మైనం ఎక్కించి చూసి ఈ సంగతి తేల్చారు. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు వంద దాకా ఉంటాయి. తల్లి రక్తం వాటి నుంచి మాయలో ఉన్న ఖాళీలోకి వస్తుంది. ఆ ఖాళీలో బిడ్డ వైపు నుంచి వచ్చిన వేర్లలాంటి చిన్న చిన్న కొమ్మలు మునిగి ఉంటాయి. బిడ్డ గుండె తన రక్తాన్ని బొడ్డుతాడులోని రెండు ధమనుల ద్వారా ఆ కొమ్మల్లోకి పంపుతుంది. పలుచటి పొర గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ లాంటివి ఇటు వస్తాయి, కార్బన్ డయాక్సైడ్, వ్యర్థాలు అటు పోతాయి. శుభ్రమైన రక్తం ఒకే ఒక సిర ద్వారా బిడ్డకి తిరిగి చేరుతుంది. నెలలు నిండేసరికి మాయ బరువు అర కిలో దాకా ఉంటుంది. ఆ కొమ్మలన్నిటినీ విప్పి పరిస్తే 10 చదరపు మీటర్లకు పైగా వస్తాయి. గర్భం లేనప్పుడు గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుందనుకుంటే, చివరి వారాల్లో అది 500 నుంచి 700 మిల్లీలీటర్లకు చేరుతుంది.

అంత రక్తం రావాలంటే ఆ మెలిక ధమనులు మారిపోవాలి. మాయ నుంచి వచ్చే కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, ఆ ధమనుల గోడల్లోని కండరాన్ని తీసేసి, వాటి నోళ్లను వెడల్పు చేస్తాయి. చేలోకి నీళ్లు పెట్టేటప్పుడు మడవ వెడల్పుగా తీస్తే నీళ్లు నెమ్మదిగా మడంతా పారతాయి. ఇరుకుగా ఉంటే ఉరవడిగా వచ్చి మట్టిని కోసేస్తాయి. ఇక్కడా అంతే. ధమని ఇరుగ్గా ఉండిపోతే వచ్చే రక్తం తగ్గడమే కాదు, వచ్చిన కాస్తా వేగంగా దూకి ఆ సున్నితమైన కొమ్మలను దెబ్బతీస్తుంది. క్రమంగా కొమ్మల్లోని బిడ్డ రక్తనాళాలు మూసుకుపోతాయి. మీ రిపోర్టులో రెసిస్టెన్స్ ఎక్కువ అని రాసింది దాన్నే.

ఈ వెడల్పు చేసే పని రెండో నెల చివర్లో మొదలై దాదాపు 20 వారాలకల్లా అయిపోతుంది. అంటే మీరు ఐదో నెలలో టిఫ్ఫా స్కాన్‌కి వెళ్లేనాటికే పునాది పడిపోయింది. ఏడో నెలలో మెట్లెక్కారనో, బొప్పాయి ముక్క తిన్నారనో, ఆఫీసులో టెన్షన్ పడ్డారనో ఇది రాదు. మూడో నెల వాంతుల్లో సరిగ్గా తినలేకపోవడం వల్ల కూడా రాదు. మీ అత్తగారికి, అమ్మగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. ఇలాంటి రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆ అమ్మాయి ఏం తప్పు చేసిందా అని ఇల్లంతా వెతకడం నేను చాలా ఇళ్లలో చూశాను. అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

కొందరికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లు, ముందు కాన్పులో ఇదే సమస్య వచ్చినవాళ్లు. పొగాకు కూడా పెద్ద కారణమే. సిగరెట్ ఒక్కటే కాదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టని అడ్డపొగ (వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) పీల్చే అలవాటు ఆడవాళ్లలో ఉంది. గుట్కా, జర్దా నోట్లో పెట్టుకునేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. భర్త ఇంట్లో కాల్చే సిగరెట్ పొగా అంతే. మీకు ఇవేవీ లేవని రాశారు. ఏ కారణమూ కనిపించని కేసులు చాలానే ఉంటాయి.

ఇప్పుడు రిపోర్టు ఎలా చదవాలో చూద్దాం. డాప్లర్ అనగానే ఒకటే పరీక్ష అనుకోకండి. మూడు నాలుగు చోట్ల చూస్తారు, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది.

యుటెరైన్ ఆర్టరీ అంటే తల్లి వైపు నుంచి వచ్చే సరఫరా. అక్కడ నాచ్ (అలలాంటి గీతలో చిన్న నొక్కు) ఉందనో, పీఐ (రెసిస్టెన్స్ కొలత) ఎక్కువనో రాస్తే బీపీ పెరిగే అవకాశం, బిడ్డ ఎదుగుదల తగ్గే అవకాశం ఎక్కువని హెచ్చరిక. అంతవరకే. 22 వారాలకి రెండు వైపులా నాచ్ ఉన్న ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. బీపీ, బిడ్డ ఎదుగుదల చూసుకుంటూ వచ్చాం, నెలలు నిండాకే మామూలుగా కాన్పయింది, బిడ్డ బరువూ బాగానే ఉంది. కాబట్టి ఐదో నెల రిపోర్టులో ఈ మాట చూసి బెంబేలు పడొద్దు.

అంబిలికల్ ఆర్టరీ బిడ్డ వైపు సంగతి చెబుతుంది. గుండె కొట్టుకోవడానికి కొట్టుకోవడానికి మధ్య, అంటే గుండె సేద తీరే క్షణంలో కూడా రక్తం మాయ వైపు ముందుకు సాగుతూ ఉండాలి. దాన్నే ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో అంటారు. ఆ ఫ్లో ఉండి రెసిస్టెన్స్ మాత్రం పెరిగితే మొదటి మెట్టు. ఆ క్షణంలో రక్తం ఆగిపోతే ఆబ్సెంట్, రెండో మెట్టు. వెనక్కి నడిస్తే రివర్స్డ్, చాలా ప్రమాదకరం. మీ రిపోర్టులో ఫ్లో ముందుకే ఉందని రాశారు. మీరు మొదటి మెట్టు మీద ఉన్నారు. చాలామంది నెలలు దాదాపు నిండేదాకా అక్కడే ఉంటారు. కొందరు కిందికి దిగుతారు. ఎవరు దిగుతారో ముందే తెలియదు కాబట్టే వారం వారం స్కాన్.

ఎంసీఏ అంటే బిడ్డ మెదడుకి వెళ్లే ధమని. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, అందుకే చాలామంది పొరబడతారు. ఆక్సిజన్ తక్కువైనప్పుడు బిడ్డ తనంతట తానే మెదడుకి, గుండెకి ఎక్కువ రక్తం మళ్లించుకుని పేగులకి, కిడ్నీలకి, కాళ్లకి తగ్గించుకుంటుంది. మెదడుకి ఫ్లో పెరిగిందని ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు గానీ, అది బిడ్డ సర్దుకుంటోందన్న సూచన. ఆ సర్దుబాటు ఎన్నాళ్లు ఆగుతుందో మేం చూడాలి. ఉమ్మనీరు తగ్గడం కూడా దీనికి సంబంధించిందే. ఈ నెలల్లో ఉమ్మనీరు ఎక్కువగా బిడ్డ మూత్రమే. కిడ్నీలకి రక్తం తగ్గితే మూత్రం తగ్గుతుంది, నీరు తగ్గుతుంది. మీరు ఒంట్లో నీరు లేక ఎండిపోయి ఉంటే మంచినీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగినందువల్ల ఉమ్మనీరు కొంత పెరగొచ్చు. మాయ వల్ల తగ్గిన నీటికి ఎన్ని లీటర్లు తాగినా అసలు కారణం పోదు.

డక్టస్ వీనోసస్ అని ఇంకోటి ఉంది. అది బిడ్డ గుండె మీద పడుతున్న భారం చెబుతుంది. మీ స్థితిలో ఇప్పుడు దానితో పెద్దగా పని లేదు.

ఇంకో మాట. చిన్న బిడ్డలందరూ రక్తం అందని బిడ్డలు కారు. తల్లీ తండ్రీ చిన్నగా ఉంటే బిడ్డ కూడా చిన్నగానే ఉండి, డాప్లర్ అంతా నార్మల్‌గా ఉండి, తన గీత మీద తాను చక్కగా పెరుగుతూ ఉండొచ్చు. వారాల లెక్క తప్పినా బిడ్డ చిన్నగా కనిపిస్తుంది. అందుకే రెండో, మూడో నెలలో తీసిన మొదటి స్కాన్ రిపోర్టు ఎంతో విలువైనది. ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి పంపేటప్పుడు చీరలన్నీ సర్దుతారు, ఆ ఫైలు మాత్రం అత్తారింట్లో ఉండిపోతుంది. కొత్త ఊళ్లో డాక్టర్ చేతిలో ఏ ఆధారమూ ఉండదు. మీరు పుట్టింటికి వెళ్లే ఆలోచనలో ఉంటే మొదటి స్కాన్ నుంచి అన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. వెళ్లే ఊళ్లో తక్కువ బరువు బిడ్డలను చూసే ఎన్‌ఐసీయూ లేకపోతే వెళ్లొద్దు. మీ అమ్మగారినే మీ దగ్గరికి రమ్మనండి.

ఇక మందుల సంగతి.

హెపారిన్: యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉందని పరీక్షల్లో తేలినవాళ్లకి, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకి ఇది అవసరమైన మందు. అవేవీ లేకుండా డాప్లర్‌లో రెసిస్టెన్స్ ఉందని మాత్రమే వేసుకుంటే మాయ మళ్లీ బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఖర్చు, రోజూ సూది నొప్పి, కాన్పు సమయంలో మత్తు ఇవ్వడానికి ఇబ్బంది మాత్రం మిగులుతాయి. అయితే మీకు ఎందుకు రాశారో నాకు కనిపించే కాగితాల్లో లేదు. రాసిన డాక్టర్నే నేరుగా అడగండి: "నాకు ఏ పరీక్ష ఆధారంగా ఇది అవసరమైంది?" జవాబు స్పష్టంగా ఉంటే వేసుకోండి. ఇప్పటికే వేసుకుంటూ ఉంటే మాత్రం ఇది చదివి మీ అంతట మీరు మానేయొద్దు.

ఆస్పిరిన్: ఇది మంచి మందే, కానీ సమయం దాటిపోయింది. 2017లో వచ్చిన ఆస్ప్రె అధ్యయనంలో రిస్క్ ఎక్కువ ఉన్న గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చిన ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీలు, కాలేయం లాంటివి దెబ్బతినే జబ్బు) 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ధమనులు ఇంకా మారుతున్న రోజుల్లో మొదలుపెట్టారు కాబట్టి ఆ ఫలితం. 30వ వారంలో కొత్తగా మొదలుపెడితే అది రాదు.

సిల్డెనాఫిల్: రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కదా అని ఒకప్పుడు చాలా ఆశలు పెట్టుకున్నారు. స్ట్రైడర్ పేరుతో వేర్వేరు దేశాల్లో పరీక్షించారు. ప్రయోజనం కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో పుట్టిన బిడ్డల్లో ఊపిరితిత్తుల సమస్యలు, మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2018 జూలైలో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఎవరైనా దీన్ని మాయ ఫ్లో కోసం రాస్తే వేసుకోకండి.

ఆర్జినిన్ పొడి ప్యాకెట్లు: మన దగ్గర దాదాపు అందరికీ రాస్తారు. వాటి మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి, గట్టిగా చెప్పగలిగేంత ఆధారం లేదు. వేసుకుంటే పెద్ద హాని లేదు. కానీ ఆ డబ్బు వల్ల డాప్లర్ స్కాన్ వాయిదా పడేటట్టుంటే స్కాన్‌కే ఖర్చు పెట్టండి.

దానిమ్మ, బీట్‌రూట్ మామూలు ఆహారంగా తినండి, మంచివే. ధమనుల్ని అవి వెడల్పు చేయవు. అంతకంటే ముఖ్యం హిమోగ్లోబిన్. వచ్చే రక్తమే తక్కువైనప్పుడు ఆ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి కూడా తక్కువగా ఉంటే బిడ్డకి రెండు వైపులా నష్టం. 11 కంటే తక్కువ ఉంటే ఐరన్ మాత్ర మానొద్దు. టీ, కాఫీ, క్యాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు, మధ్యలో ఒక రెండు గంటలు ఎడం ఉండాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు మీకు అలవాటైనంతలో తినండి. ఇద్దరి తిండి తినాలని బలవంతం చేస్తే మీ బరువు పెరుగుతుంది గానీ మాయ దాటేది పెరగదు.

మంచం దిగొద్దన్న సలహా పాటించకండి. పూర్తి బెడ్ రెస్ట్ వల్ల బిడ్డ ఎదుగుదల పెరుగుతుందని ఎక్కడా తేలలేదు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండరాలు బలం కోల్పోతాయి, మనసు పాడవుతుంది. బరువులు ఎత్తకండి, గంటల తరబడి నిలబడకండి, అలసినప్పుడు పడుకోండి. ఇంట్లో తిరగండి, సాయంత్రం నెమ్మదిగా నడవండి. పడుకునేటప్పుడు మాత్రం పక్కకి తిరిగి పడుకోండి. 28 వారాల తర్వాత వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి గుండెకి తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, దాంతో మాయకి వెళ్లేదీ తగ్గుతుంది. ఎడమ పక్కే అని నియమం లేదు, కుడి పక్కైనా సరే. నిద్రలో వెల్లకిలా తిరిగారని మెలకువ వస్తే కంగారు పడకుండా మళ్లీ పక్కకి తిరగండి.

బీపీ గురించి గట్టిగా చెప్పాలి. ఈ మాయ సమస్య, ప్రీఎక్లాంప్సియా ఒకే మూలం నుంచి వస్తాయి. ఇవాళ మీ బీపీ బాగుండొచ్చు, రెండు వారాల్లో మారొచ్చు. ఇంట్లో బీపీ మెషీన్ కొనుక్కుని రోజూ చూసి రాసుకోండి. 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే, తగ్గని తలనొప్పి ఉంటే, కళ్లు మసకలు కమ్మితే, డొక్కలో కుడి పైభాగంలో నొప్పి వస్తే, ముఖం చేతులు ఒక్కసారిగా వాస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇది చదివే ఇంకెవరైనా గర్భానికి ముందు నుంచే టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటే, గర్భం అని తెలిసిన రోజే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోవాలి. అది బిడ్డ కిడ్నీలకి హాని చేస్తుంది.

బిడ్డ కదలికలు మీ చేతిలో ఉన్న పరీక్ష. రోజూ ఒకే వేళకి, భోజనం తర్వాత పక్కకి తిరిగి పడుకుని గమనించండి. రెండు గంటల్లో 10 కదలికలు రాకపోతే, లేదా మీకు తెలిసిన మీ బిడ్డ తీరు కంటే తగ్గినట్టు అనిపిస్తే, తెల్లారేదాకా ఆగకుండా వెళ్లండి. తీపి తిని చూద్దాం, చల్లటి నీళ్లు తాగి చూద్దాం అంటూ గంటలు గడపొద్దు. గుండె చప్పుడు వినిపించే చిన్న మెషీన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటిని నమ్మి ఇంట్లో ఉండిపోవద్దు. ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది.

కాన్పు ఎప్పుడు అన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. సాధారణంగా బిడ్డ చిన్నగా ఉన్నా డాప్లర్ బాగుంటే 38, 39 వారాల దాకా ఆగుతాం. మీలా రెసిస్టెన్స్ పెరిగి ఫ్లో ఉంటే 37 వారాలు. ఫ్లో ఆగిపోతే ఆసుపత్రిలో చేర్చుకుని 33, 34 వారాలు. వెనక్కి నడిస్తే 30 నుంచి 32. బీపీని బట్టి, బిడ్డ గుండె గ్రాఫ్‌ని బట్టి ఈ గడువులకంటే ముందే కాన్పు చేయాల్సి రావొచ్చు. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి భయపడాల్సినవి కావు, నెలలు నిండని బిడ్డల ప్రాణం కాపాడే మందుల్లో ముందు వరుసలో ఉన్నవి. ముందుగానే అన్నీ వేసుకుంటే మంచిదని ఇప్పుడే అడిగి వేయించుకోవద్దు, అవసరమైన వారంలో ఇస్తేనే ప్రయోజనం.

ఇక్కడ మన ఇళ్లలో ఒక నమ్మకం అడ్డం వస్తుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని. ఫ్లో ఆగిపోయిన ఒకమ్మాయికి కాన్పు చేయాలంటే వాళ్ల ఇంటి పెద్దాయన తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగమని పట్టుబట్టారు. ఆయనకి బిడ్డ మీద ప్రేమ లేక కాదు, నిజంగా భయపడ్డారు. స్కాన్ గదిలోకి పిలిచి తెర మీద ఆ అలలు ఎక్కడ తెగిపోతున్నాయో చూపించాను, పిల్లల డాక్టర్‌తో మాట్లాడించాను. ఒప్పుకున్నారు. పాప కొన్ని వారాలు ఎన్‌ఐసీయూలో ఉండి బరువు పెరిగి వెళ్లింది. లోపల ఉన్నంతకాలం ఒక్కో వారం గడిచేకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతుంది, ఎనిమిదో నెలలో ప్రత్యేకంగా తగ్గేదేమీ లేదు. మాయ పని మానేశాక మాత్రం లోపల ఉండటమే ప్రమాదం. ముహూర్తం సంగతీ అంతే. నెలలు నిండి అంతా బాగున్నవాళ్లు రెండు గంటలు అటూ ఇటూ చూసుకోవచ్చు, మీకు ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. ఈ మాట ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. అర్ధరాత్రి ఆపరేషన్ థియేటర్ బయట తేల్చుకునే విషయం కాదు.

సిజేరియన్ తప్పనిసరా అని కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: తప్పనిసరి కాదు. ఫ్లో ఉంటే నొప్పులు తెప్పించి, గ్రాఫ్ చూస్తూ మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. ఫ్లో ఆగిపోయినా, వెనక్కి నడిచినా ఆ బిడ్డ నొప్పుల ఒత్తిడి తట్టుకోవడం కష్టం, అప్పుడు ఆపరేషనే మేలు.

ఖర్చు భరించలేమనుకునేవాళ్లకి: ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ (పీఎంఎస్ఎంఏ) కింద గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్షలు జరుగుతాయి. అక్కడ హై రిస్క్ అని కార్డు మీద రాయించుకుంటే పెద్దాసుపత్రికి పంపడం తేలికవుతుంది. బోధనాసుపత్రుల్లో ఎన్‌ఐసీయూలు ఉంటాయి, ఇలాంటి కాన్పులు వాళ్లకి రోజూ ఉండేవే.

కాన్పు అయ్యాక ఒక పని మర్చిపోవద్దు. చాలా ఊళ్లలో మాయని ఇంటికి తీసుకెళ్లి పాతిపెట్టే ఆచారం ఉంది. మీ విషయంలో ముందు దాన్ని పాథాలజీ పరీక్షకి పంపమని అడగండి. ధమనులు ఇరుకైనవా, గడ్డలు ఉన్నాయా, అరుదైన వాపు జబ్బులేమైనా ఉన్నాయా అని అందులో తెలుస్తుంది. రెండో గర్భానికి ఏం చేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తాం. 34 వారాల లోపే కాన్పు చేయాల్సి వస్తే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షా చేయించుకోండి. పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల ఎడంతో మళ్లీ చేయాలి, ఒక్కసారి వచ్చినదాన్ని జబ్బు అనరు.

రెండోసారి గర్భం వస్తే మూడో నెల దాటేలోపే డాక్టర్‌కి ఈ కాన్పు కాగితాలన్నీ చూపించి ఆస్పిరిన్ గురించి అడగండి. ఎలాగైనా 16 వారాల లోపు మొదలవ్వాలి. ఈలోగా ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోండి. బీపీ ఎక్కి కాన్పయినవాళ్లకి, మాయ సమస్యతో బిడ్డ చిన్నగా పుట్టినవాళ్లకి తర్వాతి వయసులో బీపీ, గుండె జబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. బిడ్డకి టీకాల కోసం వెళ్లిన రోజు అక్కడే మీ చేతికీ బీపీ పట్టీ కట్టించుకోండి.